వత్తులు చేసే వేలు

ఫోన్ మోగకపోయినా నా కుడిచేతి బొటనవేలు కదులుతూనే ఉంటుంది. చూపుడువేలి పక్కన అటూ ఇటూ రాసుకుంటూ, ఏదో అక్షరం వెతుక్కుంటున్నట్టు. దేవుని ముందు కళ్ళు మూసుకున్నా ఆగదు. ఆ ఏడు కార్తీకానికి ముందు మాత్రం, అది కదిలినప్పుడల్లా మణికట్టు దాకా సూది గుచ్చినట్టు నొప్పి పాకేది.

వేలితో నాకు పెద్ద పని ఉన్నప్పుడే అట్లా అయింది. దేవరకొండలో ఉండే మా చెల్లెకు గొంతులో గడ్డ తీశారు. ఆ తర్వాత నెలల తరబడి దానికి మాట రాలేదు. గొంతు తిరిగివస్తే కార్తీక పున్నమికి నా చేతితో లక్ష వత్తులు చేసి శివునికి వెలిగిస్తానని మొక్కుకున్నాను. స్వామి దయ, వచ్చింది. కట్టంగూరులో మా చేనులో పండిన పత్తినే గింజ తీసి చాటలో పోసుకుని కూర్చున్నాను. వత్తి చేయడమంటే భారమంతా బొటనవేలిదే. పాలతడి అద్దుకుని, చూపుడువేలి మీద పత్తి పెట్టి, బొటనవేలితో ఒక్క తోపు తోస్తే సన్నగా, నున్నగా రావాలి. నావి నడుమ ఉబ్బి, కొసన విడిపోతున్నాయి. పున్నమి దగ్గర పడుతోంది. చాటలో పత్తి తరగడం లేదు.

చెల్లెకు మాట లేని నెలల్లో మేం ఫోన్‌లో రాసుకునేవాళ్ళం. నేను బడి మెట్లెక్కలేదు. బాపు ఇంట్లోనే పలక మీద దిద్దించాడు. ఇంగ్లీషు అక్షరాలతో పొట్టిగా కానిచ్చేయడం నాకు చేతకాదు. గుణింతం తప్పకుండా నిండుగా రాస్తేనే రాసినట్టు. అదంతా ఆ ఒక్క వేలితోనే. గంజి దిగిందా, నొప్పి తగ్గిందా, నిద్ర పట్టిందా. జవాబు జర ఆలస్యమైతే ఇంట్లో ఒకచోట నిలబడలేకపోయేదాన్ని. మాట వచ్చాక కూడా ఆ రాత ఆగలేదు. పొద్దున లేస్తే "ఏం కూర?" అని అది, "చిక్కుడుకాయ, నీది?" అని నేను. ఫోన్ టింగుమంటే చాలు, చేతిలో సగమైన వత్తి జారిపోయేది.

నొప్పి ఓర్వలేక నల్గొండలో దవాఖానకు పోయాను. డాక్టరమ్మ బొటనవేలిని పిడికిట్లో మూయించి, మణికట్టు కిందికి వంచమంది. అరిచాను.

"ఫోన్ బాగ చూస్తవా అమ్మా?"

"చూడనమ్మా. రాస్త."

ఆమె నవ్వింది. "వేలు మొదట్ల నరం వాచింది. జర ఆరామియ్యి. పట్టీ కట్టుకో, ఫోన్‌ల రాసుడు బంద్ చెయ్యి."

"వత్తులు చెయ్యొచ్చునా?"

"మెల్లగ, కొన్ని కొన్ని చేసుకో. రెండు పనులు మాత్రం గా వేలు మొయ్యదు."

తిరుగు బస్సులో సంచిలో ఫోన్ టింగుమంటూనే ఉంది. ఎడమచేత్తో రాయబోతే ఒక్క మాటా కుదరలేదు. రాయకపోతే చెల్లె ఏమనుకుంటుందో, రాస్తే వత్తులేం కావాలో. కిటికీ ముయ్యడం, తెరవడం, మళ్ళీ ముయ్యడం. పక్కనున్నామె విసుక్కుంది.

ఇంటికొచ్చేసరికి మా అత్తమ్మ అరుగు మీద పత్తి గింజలు తీస్తోంది. డాక్టరమ్మ చెప్పింది చెప్పాను. తల ఎత్తకుండానే అంది:

"చెల్లెకు గొంతియ్యమని మొక్కితివి. ఇచ్చిండు. ఇచ్చినంక అక్కచెల్లెండ్లు ఏలుతోని మాట్లాడుకోవడ్తిరి. గాయనకు ఎట్లుంటది చెప్పు?"

చెల్లె గొంతు నేను చివరిసారి ఎప్పుడు విన్నానో ఎంత తలచుకున్నా గుర్తుకు రాలేదు. ఫోన్ చేశాను. కట్ చేసింది. వెంటనే రాసింది: ఏమైందక్కా? మళ్ళీ చేశాను. ఈసారి ఎత్తింది.

"ఏందక్కా, భయపెట్టినవ్?"

"ఏం లేదే. నా ఏలు పని చేస్తలేదు. నువ్వు మాట్లాడు."

"నా గొంతు గరగర అంటదక్కా. ఇంట్ల నవ్వుతున్రు. అందుకే రాస్తున్న."

"నవ్వనీ. నేను మొక్కింది గీ గొంతుకే."

"నీ దేవుడు జర మంచిది ఇయ్యకపాయె!"

"ముందుగాల గిది వాడుకోవే. మంచిది తర్వాత అడుగుదాం."

అవతల నవ్వు, దగ్గు కలిసి వచ్చాయి. ఆ రోజు నుంచి ఫోన్‌ను చాట పక్కన పెట్టి స్పీకర్ వేసేదాన్ని. అది బియ్యం ఏరుతూ మాట్లాడేది, నేను పట్టీ విప్పి నాలుగు వత్తులు తోసి మళ్ళీ కట్టుకునేదాన్ని. నడుమ నడుమ వేలు ఊరికే ఫోన్ వైపు పోయేది. అత్తమ్మ చూసి గొంతు సవరించుకునేది.

పున్నమి నాటికి లక్ష కాలేదు. అయినన్ని నేతిలో ముంచి గుడికి పట్టుకుపోయాను. మిగిలినవి శివరాత్రికి తెస్తాను, జర ఆగు స్వామీ అని వేడుకున్నాను. వెలిగించాక చెల్లెకు ఫోన్ చేశాను.

"వెలిగినయా అక్కా?"

"విను," అని ఫోన్ మంట దగ్గరికి జరిపాను. నడుమ ఉబ్బిన వత్తులు చిటపటమంటున్నాయి. "గరగర అంటున్నయి సూడు. అచ్చం నీ లెక్కనే."

అది దగ్గకుండా నవ్వింది. ఫోన్ పెట్టేశానో లేదో, బొటనవేలు మళ్ళీ కదిలింది. దానికి ఇంకా నెయ్యి అంటుకునే ఉంది. కొంగులో చుట్టి పట్టుకున్నాను.