మేనత్త తెచ్చిన నాలుగో పుస్తకం

నా చిన్నప్పుడు సారపాకలో మా వరండాకు ఆఫ్రికా ఒక రేకు పెట్టెలో వచ్చింది. మా మేనత్త నర్సు. పశ్చిమ ఆఫ్రికాలో ఒక మిషన్ దవాఖానాలో నాలుగేళ్లు పనిచేసి తిరిగొచ్చినప్పుడు చీరల మధ్య పెట్టుకుని నాలుగు పలుచని ఇంగ్లిషు పుస్తకాలు తెచ్చింది. అక్కడి బస్టాండ్లలో, సంతల్లో అమ్ముడుపోయే కథలవి. వేసవి ఆదివారాల్లో చర్చి నుంచి వచ్చాక ఇరుగుపొరుగు మా వరండాలో చింతపండు గింజలు తీస్తూ కూర్చునేవారు. మేనత్త వారానికో పుస్తకం చూస్తూ తెలుగులో చెప్పేది.

మూడు వారాల్లో మూడు కథలు అయ్యాయి. మూడింట్లోనూ చదువుకున్న పిల్ల పట్నం పోతుంది. పెదాలకు రంగు, ఎత్తు మడమల చెప్పులు, టైపు మిషను ముందు ఉద్యోగం. తర్వాత తల్లిని మరిచిపోతుంది, మొగుణ్ని ముంచుతుంది, చివరికి దిక్కులేనిదవుతుంది. అందరూ అయ్యో అంటూనే ఇష్టంగా విన్నారు. నా మనసు మాత్రం ఆ చెప్పుల దగ్గరే ఆగిపోయింది.

అప్పుడే పక్కింటి అక్క ఖమ్మంలో నర్సు ట్రైనింగుకు దరఖాస్తు నింపింది. దాని మీద తండ్రి సంతకం కావాలి. సోమవారం మొదటి బస్సుకు అది వెళ్లకపోతే ఆ ఏడు సీటు లేనట్టే. తండ్రి, అంటే మా పక్కింటి పెదనాన్న, వెదురు లారీల మీద మేస్త్రీ. నాలుగో ఆదివారం ఆయన ఆ కాగితాన్ని సంతకం పెట్టకుండానే మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"ఆ దేశంల సుత గంతేనంట గదా. నువ్వే జెప్తివి చెల్లె. తెలిసి తెలిసి నా బిడ్డను ఆగం జేసుకోనా?"

మేనత్త ముఖం పాలిపోయింది. పొద్దుపోవడానికి చెప్పిన కథలు ఆ పిల్ల మెడకు చుట్టుకుంటాయని ఆమె అనుకోలేదు. అక్క తలెత్తలేదు గానీ చింతపండు మీద ఆమె వేళ్లు ఆగిపోయాయి.

మేనత్త వాదించలేదు. నాలుగో పుస్తకం తెచ్చి చెప్పడం మొదలుపెట్టింది. ఒక పల్లె పిల్ల హైస్కూలు దాటింది, పట్నంలో ఆఫీసు ఉద్యోగం వచ్చింది. లారీ ఎక్కి ఊరివాళ్లకు చెయ్యి ఊపుతోంది. అక్కడ పుస్తకం మూసేసింది.

"మిగతాది నువ్వు చెప్పన్నా."

"నాకు ఇంగ్లీసు రాదాయె!"

"రాకున్నా చెప్పు."

పెదనాన్న ఉత్సాహంగానే చెప్పాడు. ఆఫీసరు మాటలు నమ్ముతుంది, కడుపు తెచ్చుకుంటుంది, తల్లి పోయినా రాదు, చివరికి దవాఖానా మంచం మీద ఒక్కతే చస్తుంది. మేనత్త పుస్తకం నా చేతిలో పెట్టి ఆఖరి పేజీలు చూడమంది. నేను మిషన్ బడిలో ఎనిమిదో తరగతి. కూడబలుక్కుంటూ చదువుతుంటే చెమట పట్టింది. ఆఫీసరు, బిడ్డ, తల్లి సమాధి, ఆసుపత్రి మంచం. అబద్ధం చెబుదామా అనిపించింది. మేనత్త వైపు చూస్తే, ఉన్నది చెప్పమన్నట్టు తలూపింది.

"పెదనాన్న చెప్పినట్టే ఉంది," అన్నాను.

పెదనాన్న తొడ చరిచాడు. "జూసినవా! సదవకుండనే జెప్పిన."

"అవ్, చెప్పినవ్." మేనత్త నవ్వలేదు. "రాసినాయన మన సారపాక చూడలే. నువ్వు ఆ దేశం చూడలే. మరి ఇద్దరికీ ఒక్క తీరుగ ఎట్ల తెలిసింది? నాతోని డ్యూటీ చేసినోళ్లంతా చదువుకున్న ఆడోళ్లే అన్నా. దవాఖానా పని అయినంక ఇంటికి పోయి పిల్లలకు పాఠాలు చెప్పేటోళ్లు. గసుంటోళ్ల మీద ఒక్క పుస్తకం గూడ దొరకలే నాకు."

అప్పుడు అక్క తలెత్తింది.

"నాయినా, నేనింకా బస్సే ఎక్కలే. అప్పుడే సంపేసినవా నన్ను?"

పెదనాన్న చింతగింజల కుప్పను వేలితో కెలికాడు. తర్వాత జేబులోంచి కాగితం తీసి నన్ను పెన్ను అడిగాడు.

"ఆగమైతే నిన్నే అడుగుత చెల్లె."

"అడుగు. ఈడనే ఉంట."

సంతకం పక్కన ఆయన బొటనవేలి చింతపండు మరక కూడా పడింది. సోమవారం ఆ కాగితం అట్లాగే ఖమ్మం వెళ్లింది.

అక్క నర్సుగానే రిటైరైంది. ఆమె జీవితం ఆ నాలుగు పుస్తకాల్లో దేనిలాగానూ జరగలేదు. ఒకసారి ఎత్తు మడమల చెప్పులు కొని, మొదటి రోజే కాలు మడతపడి, వాటిని మంచం కిందకు తోసేసింది. నేను పత్రికలో చేరి ఎన్నో ఊళ్లు తిరిగాను. ఒక ఆడమనిషి గురించి రాయడానికి బయలుదేరినప్పుడు, దారిలోనే ఆమె కథకు ముగింపు నా నోట ఆడుతుంటే ఇప్పటికీ బండి పక్కకు ఆపుతాను. ఆమె ఇంకా బస్సు ఎక్కలేదేమో.