మైకులో ‘లవ్ ఆల్’

నిజామాబాద్‌లో మా పసుపు కంపెనీ వార్షికోత్సవానికి టేబుల్ టెన్నిస్ పోటీలు నేనే నిర్వహించాను. ఆట నియమాలన్నీ గ్రంథాలయంలో చదివి నేర్చుకున్నవే. మహిళల ఫైనల్లో మా క్యాషియర్ స్వరూప ఆడుతోంది. చూడటానికి ఎడపల్లి నుంచి వాళ్ల నాన్న వచ్చారు. పుస్తకంలో ఉన్నట్టే మైకులో "లవ్ ఆల్" అని ప్రకటించాను.

ఆయన లేచి టేబుల్ దగ్గరికి వచ్చేశారు.

"ఏందయ్యా, అందరి ముంగట మా పిల్లను లవ్వు గివ్వు అంటున్నవ్? స్వరూపా, బ్యాటు ఆడ వెట్టు. ఇంటికి పోదాం పా!"

నేను మైకు దించేశాను.

"లవ్వంటే సున్న, బాపూ! ఇద్దరికీ సున్నే!" అంది స్వరూప.

"సున్నను సున్న అంటే ఏం పోయింది? నీ సదువు సల్లగుండ!" అని నాతో అని, వెళ్లి కూర్చున్నారు.

"సున్నా, సున్నా" అన్నాను. స్వరూప ఓడిపోయింది, కానీ ఆడి ఓడింది. నేను గొప్పగా పలికిన ఒక్క మాటకు ఆమె ఆడకుండానే ఇంటికి వెళ్లాల్సి వచ్చేది.