రమణమ్మక్క కదలకుండా నిలబడిన శుక్రవారం

రెండు వేల ఒకటి, ఫిబ్రవరి, కువైట్. ఎడారి, మృత్యువు, సైన్యం, త్యాగం అన్నీ కలగలిసిన మహాకావ్యం ఒకటి మీకు చెప్పబోతున్నాను. అలా మొదలుపెడితే చదువుతారని అన్నాను గానీ, నిజానికి ఇది నేను పనిచేసిన ఇంట్లో ఒకావిడ ఒంటేలుకి వెళ్లిన కథ.

నేను మిష్రిఫ్‌లో ఒక కువైటీ ఇంటికి హౌస్ డ్రైవర్ని. హౌస్ డ్రైవర్ అంటే బడి, బజారు, చుట్టాలిళ్లు తిప్పడం, ఎవరూ పిలవనప్పుడు బండి తుడుస్తూ కనపడడం. వానలు బాగా పడ్డ ఏడాది ఇంకో పని కూడా తగులుతుంది. ముత్లా కొండ ఎక్కి, అక్కణ్ణించి సముద్రపు పాయని చూపించి, అవతలి ఎడారిలో పచ్చదనం మొలిచిన చోటికి ఇంటిల్లిపాదినీ తీసుకెళ్లాలి. కోనసీమవాడిని కదా, నాకు ఆ పచ్చదనం ఎవరి సంచిలోంచో తోటకూర విత్తనాలు కారిపోయినట్టు ఉండేది. వాళ్లు మాత్రం పసుప్పచ్చ అర్ఫజ్ పూల పక్కన తివాచీ పరుచుకుని, దేవుడు ప్రత్యక్షమైనట్టు చూస్తూ కూర్చునేవారు.

ఆ శుక్రవారం బండిలో మా యజమానురాలు, అంటే పనివాళ్లమంతా మామా అని పిలిచే ఇంటావిడ, ఆవిడ ఇద్దరు పిల్లలు, వాళ్లని చూసుకునే రమణమ్మక్క ఉన్నారు. అక్కది రాయచోటి దగ్గర పల్లె. తారు రోడ్డు దిగాక నేను ట్రాక్ వదల్లేదు. ట్రాక్ అంటే ముందు వెళ్లిన బండ్ల చక్రాల గుర్తు. ఇరాక్‌తో యుద్ధం అయిపోయి పదేళ్లయినా ఇసుకలో మందుపాతరలు ఇంకా మిగిలే ఉన్నాయని అందరూ చెప్పేవారు. నేను నమ్మేవాణ్ణని కాదు. ట్రాక్ మీద స్టీరింగ్ తిప్పే శ్రమ తక్కువ.

పూలు కనపడగానే బండి ఆపాను. మామా ఇంకా తలుపు తీయకముందే అక్క దిగి, నన్ను అటు తిరిగి కూర్చోమని, ఒక చిన్న ఇసుక దిబ్బ వెనక్కి వెళ్లింది. వెళ్లిన పని కాకముందే పిలిచింది.

"ఒరే శీనా, కాలి కింద ఏందో ఇనుము తగిలింది. పెనం మాదిరి గుండ్రంగా ఉండాది."

ఎవడో క్యాంపులో పారేసిన పెనమే అయ్యుంటుంది, తెచ్చుకో, దోసెలు పోసుకుందాం అన్నాను. ఏమంటోందని మామా అడిగింది. చెప్పాను. మామా మొహం తెల్లబడింది. మందుపాతర అని అరబ్బీలో ఒకే ఒక్క మాట అంది. తర్వాత కదలొద్దని కిటికీలోంచి అరిచింది. అక్క కదల్లేదు. పాతర మీద కాలు పెడితే పేలదు, కాలు తీస్తే పేలుతుంది అని మా అందరికీ సినిమాలు నేర్పాయి.

మామా ఫోన్ చేసింది. పోలీసులు సైన్యానికి చెప్పారట, బయల్దేరుతున్నారట. ఇంజన్ ఆపేసి కూర్చున్నాం. దిబ్బ మీద అక్క తల, భుజాలు మాత్రం కనిపిస్తున్నాయి. గాలికి ఆమె చున్నీ కదిలినప్పుడల్లా ఆమె కాలే కదిలిందనుకునేవాణ్ణి. పిల్లలు ముందు నవ్వారు, తర్వాత మానేశారు.

నాకు భయమేస్తే నోరు ఆగదు. సినిమాలో అయితే ఎర్ర తీగా నీలం తీగా ఉంటాయక్కా, నీకేమైనా కనపడుతున్నాయా అన్నాను. కాలు తిమ్మిరెక్కుతా ఉంటే నీ ఎగతాళి ఏందిరా అంది.

"నా పెట్టె మా ఆయనకి పంపాకు. మా చెల్లెలికి పంపు," అంది కాసేపటికి. "కాలు నిలవదు రా అబ్బీ. పడిపోతానేమో."

అప్పుడే మామా నా భుజం పట్టుకుంది. "యల్లా, బండి పోనీ. ఆమె పక్కకి తీసుకెళ్లు. కిటికీలోంచి లోపలికి లాగేద్దాం."

మామా చెప్తే చేయడమే నా ఉద్యోగం. తాళం తిప్పాను. ఇంజన్ చప్పుడు వినగానే అక్క చెయ్యెత్తింది.

"రావాకు. బిడ్డలుండారు బండిలో. అది పేలితే నేనొక్కదాన్నే పోతా. రావాకు శీనా."

ఇంజన్ ఆపేశాను. ధైర్యంతో కాదు, గేర్ వేయడానికి చెయ్యి లేవలేదు. పోనిమ్మని మామా మళ్లీ అంది. నేను వెళ్లలేదు. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఆవిడ మాట వినంది అదొక్కసారే. మామా పిల్లలిద్దరినీ ఒళ్లోకి లాక్కుని, వాళ్ల కళ్లు మూసి ఏడ్చింది. నేను అక్కని వాళ్లింట్లోవాళ్ల పేర్లన్నీ ఒక్కొక్కటిగా అడిగాను, ఆమె చెప్తూ పోయింది. మాట ఆగితే పడిపోతుందనిపించింది.

సైనికులు వచ్చారు. ఒకాయన చేతిలో కర్రలాంటి పరికరంతో మా బండి వెనకనుంచి అక్క దాకా అడుగులో అడుగేసుకుంటూ వెళ్లాడు. దారిలో ఒకచోట ఆగి, చిన్న జెండా గుచ్చి, చుట్టూ తిరిగి వెళ్లాడు. అక్క కాళ్ల దగ్గర మోకాళ్లూని ఇసుక తీశాడు. లేచి, కాలు తీయమన్నాడు. ఆమె తీయలేదు. ఆయనే ఆమె మడమ పట్టుకుని, చంటిపిల్ల చెప్పు విప్పినట్టు, పక్కన పెట్టాడు.

ఏమీ కాలేదు. తన అడుగుజాడల్లోనే అక్కని మా బండి దగ్గరికి నడిపించుకొచ్చాడు.

అది నిజం మందుపాతరే. కానీ ట్యాంకుల కోసం పెట్టింది. మామూలుగా మనిషి బరువుకి పేలదట, బండి బరువుకి పేలుతుందట. మరి దారిలో ఆ జెండా ఏంటని అడిగాను. అలాంటిదే ఇంకొకటి అన్నాడు. అది సరిగ్గా మా బండికీ అక్కకీ మధ్య ఉంది. మేం ఇంతసేపూ ఎవరి కోసం ఏడ్చామో ఆమె దాదాపు క్షేమంగా ఉంది. నేను గేర్ వేసి ఉంటే మేం నలుగురం ఉండేవాళ్లం కాదు.

ఈ మాట అరబ్బీలో విన్న మామా, అక్క రెండు చేతులూ తన మొహానికి అదుముకుంది. అక్కకి నేను తెలుగులో చెప్పాను. విని, పిల్లల వైపు చూసింది. వాళ్ల తలలు తడిమింది. అప్పుడు ఇసుకలో చతికిలపడి వణకడం మొదలుపెట్టింది. అంతసేపు నిలబడ్డప్పుడు వణకనిదంతా అప్పుడు వణికింది.

వచ్చిన ట్రాక్ మీదే రివర్స్‌లో, సైనికుడు వెనక నడుస్తూ సైగ చేస్తుంటే, తారు రోడ్డు దాకా వచ్చాం. మొదట నోరు తెరిచింది అక్కే. బాత్రూమ్ యాడుండాదని అడిగింది.

ఆ రోజు నాకు నేర్పింది ఇంతే. చక్రం గుర్తు లేని నేల మీద, ఎవరు చెప్పినా సరే, చక్రం పెట్టకూడదు. పోతే, ముత్లా కొండ ఎక్కకముందు కుడిచేతి వైపు ఒక పెట్రోల్ బంకు ఉంది. దాని వెనక ఆడవాళ్లకి వేరే బాత్రూమ్ ఉంది. తాళం కౌంటర్లో అడిగితే ఇస్తారు.