తాడు మీద మా పాప

మా చర్చి సంఘం వాళ్లు ప్రతి వేసవిలో శామీర్‌పేట దగ్గర ఒక మామిడితోటలో పిల్లలకు క్యాంపు పెడతారు. ఈ ఏడు పాపను పంపడానికి ఒప్పుకున్నాను గానీ ఒక్కదాన్నే పంపలేదు. వంటకు సాయం చేస్తానని పేరు రాయించుకుని నేనూ వెళ్లాను. మా ఆయన నవ్వాడు.

"క్యాంపు పోరిదా, నీదా?"

పాపకు ఎనిమిదేళ్లు. పుట్టినప్పుడు ఊపిరి అందక కొన్నాళ్లు అద్దాల పెట్టెలో ఉంది. ఇప్పుడు ఏ జబ్బూ లేదని డాక్టరు చెబుతూనే ఉంటాడు. అయినా అది దగ్గితే నాకు మెలకువ వస్తుంది. మేముండేది బహదూర్‌పల్లిలో. గండిమైసమ్మ చౌరస్తా దాటాలంటే లారీలు, టిప్పర్లు. దాని చెయ్యి పట్టుకుని ఒకటే మాట అంటాను, "చెయ్యి ఇడువకు." ఆ మాట చెవిన పడగానే అది వేళ్లు బిగిస్తుంది.

క్యాంపులో రెండో రోజు పొద్దున తాడు వంతెన ఎక్కించారు. ఎండిపోయిన వాగు మీద, ఈ గట్టు వేపచెట్టు నుంచి ఆ గట్టు వేపచెట్టుకు కట్టారు. కాళ్ల కింద ఒక తాడు, చేతులకు పైన ఒక తాడు. పైతాడు నడుమ అయిపోతుంది. అక్కడ ఒక చెయ్యి వదిలి రెండో తాడు అందుకోవాలి. నడుముకు బెల్టు కట్టి, దాని కొక్కెం విడిగా కట్టిన ఇంకో తాడుకు తగిలించి, క్యాంపు నడిపే సారు గట్టిగా లాగి చూపించాడు. నాకు మాత్రం వాగులోని రాళ్లే కనిపించాయి.

పిల్లలను జంటలు చేశారు. ఒకరు తాడు మీద ఉంటే రెండోవారు అవతలి గట్టున నిలబడి ఎలా రావాలో చెప్పాలి. ఆ ఒక్క గొంతు తప్ప ఇంకెవరూ మాట్లాడకూడదు.

మా పాపకు జంట సూరారం నుంచి వచ్చిన పిల్ల. దీనికంటే కొంచెం పెద్దది, వాళ్ల నాయిన ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. మా పాప తాడు ఎక్కితే ఆ పిల్ల అవతలి గట్టున నిలబడింది.

"నన్నే సూడు, కిందికి సూడకు," అంటోంది. "కింద ఏం లేదు, మన సారే ఉన్నడు."

పిల్లలు కిసుక్కుమన్నారు. మా పాప కూడా నవ్వుతూనే నడిమికి వచ్చింది.

"ఇగ కుడి చెయ్యి ఇడువు. గా తాడు వట్టుకో."

పాప చెయ్యి లేచింది. తాడు ఊగింది.

"చెయ్యి ఇడువకు."

ఇవతలి గట్టు నుంచి అరిచింది నేనే. లేచిన చెయ్యి మళ్లీ పాత తాడు మీదికే పోయింది. అంతే, బిగుసుకుపోయింది. ముందుకు రాదు, వెనక్కి పోదు. సూరారం పిల్ల పిలుస్తోంది, ఇది నావైపే చూస్తోంది. వదలమని నేను చెప్పాలి. నేను చెప్పాక పడిపోతే?

సారు వాగులోంచి నా దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు, "అమ్మా, జర అటు మర్రుండ్రి. మీరు కనవడుతుంటే ఎవ్వరి మాట ఇనది."

తిరిగాను. ఎదురుగా పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. ప్రభువా అనుకున్నాను, తర్వాతి మాట గుర్తు రాలేదు. వెనక తాడు కిర్రుమంటోంది.

"మీ మమ్మీ వంట కాడికి వోయింది," అంటోంది సూరారం పిల్ల. "ఆలస్యం జేస్తే గుడ్లు అయిపోతయ్. నాకు మస్తు ఆకలైతాంది. ఎడమ చెయ్యి గట్టిగ వట్టు. ఆ. గిప్పుడు కుడిది."

తర్వాత చాలాసేపు ఏమీ వినిపించలేదు. ఆ తర్వాత మట్టి మీద కాళ్లు పడ్డ చప్పుడు, పిల్లల కేకలు.

నేను వాగు దాటి వెళ్లేసరికి అది సూరారం పిల్ల భుజం పట్టుకుని ఉంది. అరచేతులు ఎర్రగా కందిపోయాయి.

"ఎందుకు ఒర్రినవ్ మమ్మీ?"

"భయమైంది బిడ్డా."

"నాకు కాలే. నువ్వు ఒర్రినంకనే అయింది."

"ఆంటీ, మీరెక్కుతరా?" అంది సూరారం పిల్ల. "నేను జెప్త."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మర్నాడు గుట్ట ఎక్కడం. మీరూ వస్తారా అని సారు అడిగాడు. పాప నా మొహం చూసింది. వంట దగ్గరే ఉంటానన్నాను. గుట్ట కనిపించని వైపు కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తూ పోయాను. చివరికి వంటామె నా ముందు నుంచి పళ్లెం లాక్కుంది.

"గిన్ని ఎవ్వలు తింటరమ్మా?"

పిల్లలు ఇంకా గుట్ట దిగలేదు. నేను ఇంకో గడ్డ తీసుకున్నాను.