అమ్మకు తెలియని జామకాయ తీపి

ఎమ్మిగనూరు దారిలో మాకున్న ఎర్రనేలలో నాయన జామతోట పెట్టినప్పుడు నేనింకా బడికి పోతున్నాను. చుట్టూ అందరివీ పత్తి చేలు. కాయలు కోశాక అమ్మ గంపలతో బస్సెక్కి ఆదోనికి పోయి, పత్తి యార్డు గేటు ముందు కూర్చుని అమ్మేది. ఏ చెట్టు కాయ యార్డుకు పోవాలో, ఏది ఇంట్లో ఉండాలో కొరికి చూసి తనే చెప్పేది. అమ్మ నాలుక మీద మా అందరికీ అంత నమ్మకం.

కొన్నేళ్లకు కాయలు చెడడం మొదలైంది. పైన పగుళ్లు, లోపల గట్టి కండ, గింజల చుట్టూ గోధుమరంగు మచ్చలు. అమ్మ ఒకటి కొరికి ఉమ్మేసింది.

"ఇది జామకాయనా, రాయా? యాడికి పోయింది దీని తీపి?"

నాయన ఇంకాస్త యూరియా వేశాడు. ఆకులు నల్లగా నిగనిగలాడాయి కానీ కాయలు మాత్రం మారలేదు. ఎప్పుడూ కొనేవాళ్లు ఒకసారి చేతిలోకి తీసుకుని చూసి, మళ్లీ గంపలో పెట్టి పోయేవాళ్లు. అమ్మ సగం గంపతో తిరిగి వచ్చేది.

అప్పటికి నేను ఆదోనిలో టీచరుగా పనిచేస్తున్నాను. నాయనను వెంటబెట్టుకుని, తోట మట్టీ ఆకులూ తీసుకుని వ్యవసాయాఫీసుకు పోయాను. పరీక్ష చేయించిన అధికారి నాయనను కూర్చోబెట్టి చెప్పాడు.

"మీ నేలలో బోరాన్ లేదు పెద్దాయనా. కాయ పగిలేది, గట్టిపడేది అందుకే. పొటాష్ సాలక తీపి తగ్గింది. ఊరికే యూరియా పోస్తే ఆకు పెరుగుతాది గానీ కాయకు రుచి యాడ నుంచి వస్తాది?"

"బోరాన్ శానా వెయ్యాల్నా?"

"కొంచెమే. ఎక్కువైతే చెట్టుకే చేటు."

"అయితే కూరలో ఉప్పు మాదిరి," అన్నాడు నాయన. అధికారి నవ్వి తలూపాడు.

ఆయన చెప్పినట్టే నాయన యూరియా తగ్గించి పాదుల్లో పొటాష్ వేశాడు. పూతప్పుడు బోరాన్ మందు నీళ్లలో కలిపి కొట్టాడు. ఆ కాయలు ఇంకా పిందెలుగా ఉండగానే అమ్మకు కరోనా వచ్చింది. ప్రాణం దక్కింది, జ్వరమూ తగ్గింది. వాసన, రుచి మాత్రం తిరిగి రాలేదు.

చలికాలంలో తొలి పండును నాయన తువ్వాలులో చుట్టి తెచ్చాడు. కోసి అమ్మకు ముక్క ఇచ్చాడు. అమ్మ చాలాసేపు నమిలింది. మేమిద్దరం ఆమె ముఖమే చూస్తున్నాం.

"మెత్తగుంది. నాకు తెలిసేది అంతే," అని ఇంకో ముక్క నా చేతిలో పెట్టింది. "నువ్వు తిని సెప్పు పాపా."

"తియ్యగుందమ్మా."

"తియ్యగ అంటే? బెల్లం మాదిరా, సెరుకు మాదిరా?"

అమ్మ అంత ఆత్రంగా అడిగేసరికి ఇంకో ముక్క తీసుకున్నాను. మళ్లీ కొరికి, నిదానంగా చెప్పాను. "మొదట చెరుకు రసంలా ఉంది. మింగేటప్పుడు కొంచెం పులుపు తగులుతాంది."

అమ్మ కళ్లు మూసుకుంది. "ఆ. తోట పెట్టిన కొత్తలో అట్లే ఉండె."

ఆ కాపంతా మేము తినడం, అమ్మ అడిగి అడిగి గంపలు వేరు చేయడం. నేను బడికి తయారయ్యేటప్పుడు రుచి చూసే పని నాయనది. ఆయన ఏ కాయ తిన్నా "బాగుండాది" అనేవాడు. "నీది ఎద్దు నాలుకప్పా!" అని అమ్మ విసుక్కునేది. జ్వరం తర్వాత అమ్మ నవ్వడం మళ్లీ నేను చూసింది ఆ విసుగుల మధ్యనే.

ఎండలు ముదిరాక ఒక పొద్దున వంటింట్లోంచి అమ్మ కేక వినబడి పరుగెత్తాం. పెనం మీద పచ్చిమిరపకాయలు మాడిపోతున్నాయి. అమ్మ పొగలో నిలబడి దగ్గుతూ నవ్వుతోంది.

"వాసనొస్తాంది! నాకు మాడు వాసనొస్తాంది!"

నాయన పెనం దించడం మరిచి ఆమె పక్కనే నిలబడిపోయాడు.

తీపి మెల్లగా తిరిగి వచ్చింది. పులుపు మాత్రం ఇప్పటికీ అమ్మకు సరిగా అందదు. అందుకే సగం కొరికిన కాయ నాయనకు ఇస్తుంది. ఆయన తొందరపడకుండా నమిలి, ఆలోచించి, అప్పుడు పులుపెంతో చెప్తాడు.