దుర్గం మీద పిలిచిన పేరు

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడు, కార్తీక మాసంలో, ఆత్మకూరులో బస్సెక్కి ఉదయగిరి దుర్గం చూడటానికి వెళ్లాం. నాకు పెళ్లయి రెండు నెలలు. కొత్త జంటను ఒంటరిగా కొండమీదికి పంపడం ఇష్టంలేక మా అత్తగారు కూడా బయల్దేరారు. మోకాళ్ల నొప్పులని రోజూ మూలిగే మనిషి ఆ రోజు మెట్లన్నీ నాకంటే ముందే ఎక్కేశారు. నాకు ఒళ్లు మండింది.

వానలు వెలిసి వారమే అయింది. పైన కూలిన మసీదు, దాని వెనక కోటగోడ, గోడ పక్కనుంచి లోయలోకి దూకే నీళ్లు. ఆ నీళ్లు చూడాలని కలిగిరి వైపు నుంచి వచ్చిన ఏడెనిమిది మంది మగవాళ్లు గోడ పొడుగునా నిలబడి ఉన్నారు. మా ఆయన వాళ్లందరినీ దాటుకుని వెళ్లి చిట్టచివర గోడ మీదికెక్కారు. ఎక్కడికెళ్లినా అందరికంటే ఒక అడుగు ముందుండాలి ఆయనకు.

అత్తగారూ నేనూ కాస్త ఎగువన బండ మీద కూర్చున్నాం. అక్కడికి గోడ పక్కభాగం కనిపిస్తుంది. సరిగ్గా ఆయన కాళ్ల కింద, రాళ్ల మధ్య జానెడు పగులు. చూస్తుండగానే అందులోంచి మట్టి జలజలా రాలింది. దిగి అంత దూరం వెళ్లే వ్యవధి లేదు.

"ఏమండీ" అని అరిచాను. ఇద్దరు మగవాళ్లు తిరిగి చూశారు, ఆయన చూడలేదు. అత్తగారు లేచి నిలబడి "పెద్దోడా, పెద్దోడా" అని కేక వేశారు. మరెవరో తిరిగి చూసి నవ్వారు. నీళ్ల హోరులో ఆ పిలుపులు తనకేనని ఆయనకు తట్టలేదు.

ఆయనది తాతగారి పేరు. మొగుడి పేరని నేను పలకకూడదు, మామగారి పేరని కన్నతల్లీ పలకకూడదు. ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లం ఉండి, ఆయన్ను పేరు పెట్టి పిలిచే నోరు ఒక్కటీ లేదు.

చిన్న రాయొకటి జారి లోయలో పడింది. కళ్లు గట్టిగా మూసుకుని ఆ పేరు అరిచాను. ఉలిక్కిపడి అటే పడిపోతారేమోనని మళ్లీ కళ్లు తెరవడానికి భయమేసింది. తెరిచేసరికి ఆయన గోడ దిగి చరచరా మా వైపు వస్తున్నారు. వెనక ఆయన నిలబడ్డ చోటు నుంచి పెద్ద రాళ్లు మూడు ఊడి లోయలో పడ్డాయి. మిగతావాళ్లు గబగబా గోడకు దూరం జరిగారు. ఆయన మాత్రం వెనక్కి చూడలేదు.

"అంతమంది ముందర పేరు పెట్టి పిలుస్తావా? బుద్ధుండాదా నీకు?" అన్నారు.

"గోడ..." అన్నాను. వినకుండా మెట్లు దిగిపోయారు. ప్రాణం కాపాడినందుకు తిట్లు తినడమంత కడుపుమంట ఇంకోటి లేదు.

సగం మెట్లు దిగాక అత్తగారు కూలబడ్డారు. నా వంతు తిట్లు ఇంకా ఉన్నాయనుకుని తల వంచుకుని నిలబడ్డాను.

"ఆ పగులు నేనూ చూసినానే," అన్నారు. "పేరు నోటిదాకా వచ్చినాది. మామ పేరు గదా అని మింగేసినాను. బిడ్డ పోతాడని తెలిసీ మింగేసినాను."

పక్కన కూర్చున్నాను. కింద ఆయన తల తిప్పకుండా నడిచిపోతున్నారు.

"మళ్లా పిలువు," అన్నారు అత్తగారు నా చెయ్యి పట్టుకుని.

పిలిచాను. ఆయన కోపంగా వెనక్కి తిరిగారు. నాతోపాటు అత్తగారి పెదవులు కూడా కదిలాయి. ఆ పేరు మాత్రం పైకి రాలేదు. ఆమె పోయేదాకా రాలేదు.