తవుడు తిప్పని రోజు

దాణా ఫ్యాక్టరీలో ఆమెను అందరూ తూకాలమ్మ అనేవారు. అసలు పేరు హాజరు పట్టీలో ఉండేది తప్ప ఎవరి నోటా వినిపించేది కాదు. గోదాము వెనుక కిటికీ లేని చిన్న గదిలో పంతొమ్మిదేళ్లుగా ఆమెది ఒకటే పని. పశువుల దాణాలో కలిపే ఖనిజాలనూ మందులనూ తూచి పొట్లాలు కట్టడం. ఉప్పూ సున్నపు పొడీ కిలోల్లో, జింకూ రాగీ గుప్పెళ్లలో, సెలీనియం మాత్రం చిటికెడు. ఆ చిటికెడు తగ్గితే దూడకు కాళ్లు నిలవవనీ, కాస్త మించితే గుర్రానికి జూలు రాలి గిట్టలు ఊడతాయనీ కొత్తగా చేరినవాళ్లకు కళ్లు పెద్దవి చేసి మరీ చెప్పేది. ముక్కుకు గుడ్డ కట్టుకుని, త్రాసు ముల్లు నిలకడగా ఆగేదాకా ఊపిరి బిగబట్టేది.

"తూకాలమ్మ తుమ్మితే ఒక మంద మొత్తం మంచాన పడుతుంది" అని బస్తాలు మోసేవాళ్లు నవ్వేవారు. ఆమె నవ్వేది కాదు కానీ, ఆ మాట ఆమెకు ఇష్టం.

ఊరి చివర ఆమె తమ్ముడికి గుర్రపుశాల ఉండేది. తొమ్మిది గుర్రాలు. నాలుగు సామాను బండ్లు లాగేవి, మిగతావి స్వారీ నేర్చుకునేవాళ్ల కోసం. తల్లి పోయేనాటికి తమ్ముడికి ఆరేళ్లు. తల దువ్వి, ముక్కు తుడిచి, బడికి పంపి ఆమే పెంచింది. వాడు తన గుర్రాలకు ఇంకో చోట దాణా కొనేవాడు కాదు. ఎవరైనా చవగ్గా ఇస్తామని వస్తే, "ఇది మా అక్క చేతి దాణా. కళ్లు మూసుకుని పెట్టొచ్చు" అని గుమ్మంలోంచే పంపేసేవాడు.

ఫ్యాక్టరీలో మిక్సరు ఒక్కటే. కోళ్ల దాణా, పశువుల దాణా, గుర్రాల దాణా అన్నీ అందులోనే తిరగాలి. కోళ్లకు రక్తవిరేచనాలు రాకుండా ఒక మందు కలుపుతారు. కోడికి మేలు చేసే ఆ మందే గుర్రం కడుపులో పడితే గుండె కండరాన్ని కొరికేస్తుంది. అందుకని కోళ్ల దాణా తీశాక రెండు బస్తాల వట్టి తవుడు మిక్సరులో తిప్పి పారబోయాలి. ఆ తర్వాతే గుర్రాల దాణా. తవుడు తిప్పడం కళ్లారా చూసి చీటీ మీద సంతకం పెట్టాల్సింది తూకాలమ్మ.

మొదట్లో ఆమె నిలబడి చూసేది. మిక్సరు నడిపే మనిషిని అందరూ గండుచీమ అనేవారు. చిన్న శరీరం, పెద్ద నోరు. "నన్ను నమ్మవా అక్కా? ఇంట్లో మా ఆవిడ, ఇక్కడ నువ్వు. ఇద్దరి కాపలా తట్టుకోలేక చస్తున్నా" అని వేళాకోళం చేసేవాడు. అతను పని ఎగ్గొట్టే రకం కాదు. ఏళ్లు గడిచేకొద్దీ ఆమె లేచి వెళ్లి చూడటం తగ్గింది. తర్వాత సోమవారం పొద్దున్నే వారానికి సరిపడా ఆరు చీటీల మీద ఒకేసారి సంతకాలు పెట్టి అతని చేతికి ఇవ్వడం అలవాటైంది. ఏమీ జరగలేదు. ఏమీ జరగకపోవడంతో అది తప్పన్న సంగతే మరిచిపోయింది.

ఒక గురువారం పొద్దున మరదలు ఫోన్ చేసింది. "వదినా, ఒకసారి వస్తారా? గుర్రాలు అదోలా ఉన్నాయి. నల్లది లేవలేదు."

తూకాలమ్మ వెళ్లేసరికి నల్ల గుర్రం చనిపోయి ఉంది. ఇంకో రెండు పడిపోయి ఒళ్లంతా చెమటతో తడిసి ఉన్నాయి. ఒకటి లేవబోయి, వెనక కాళ్లు అల్లుకుపోయి గోడకు కొట్టుకుంది. మిగతా ఆరూ నిలబడే ఉన్నాయి కానీ చెవులు వేలాడేసుకున్నాయి. పశువుల డాక్టరమ్మ మోకాళ్ల మీద కూర్చుని గుండె చప్పుడు వింటోంది.

"రెండు రోజులుగా ఏం తిన్నాయి?"

"మా అక్క చేతి దాణా, కొట్టంలో గడ్డి. అంతేనమ్మా" అన్నాడు తమ్ముడు. అందులో నింద లేదు. దాణాను లెక్కలోంచి తీసేయమన్నట్టు చెప్పాడు.

డాక్టరమ్మ గడ్డి మోపు విప్పి వాసన చూసింది. "బూజు వాసన వస్తోంది. గడ్డి పూర్తిగా ఆపేయండి. నిలబడ్డవాటికి దాణా ఒక్కటే పెట్టండి. నీరసపడకూడదు."

తూకాలమ్మ అప్పటికే దాణా తొట్టిలో చెయ్యి పెట్టి ఉంది. పిడికెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. పంతొమ్మిదేళ్లు ఆ గదిలో కూర్చున్న మనిషి. కోళ్ల మందు వాసన చాలా పల్చగా తగిలింది. భ్రమేమో అనుకుంది. మళ్లీ చూసింది. అదే వాసన.

చెప్పాల్సింది అప్పుడే. నోటిదాకా వచ్చింది కూడా. కానీ తమ్ముడు ఎదురుగా ఉన్నాడు. నిజం కాకపోతే? ముందు కనుక్కుని వద్దాం, గంటలో తేలిపోతుంది అని తనకు తానే సర్దిచెప్పుకుంది. "ఇప్పుడే వస్తా" అని బయటపడింది.

గండుచీమ మిక్సరు పక్కన ఖాళీ సంచులు మడతపెడుతున్నాడు.

"సోమవారం కోళ్ల దాణా తర్వాత తవుడు తిప్పావా?"

అతను తలెత్తలేదు. "తవుడు లారీ రాలేదక్కా. గుర్రాల దాణా బండి వాకిట్లో నిలబడి హారను కొడుతోంది. చీపురుతో బాగానే ఊడ్చాను. ఆ ఒక్కరోజే."

"నాకు చెప్పలేదేం?"

"చెబుదామనే అనుకున్నా." ఇంకో సంచి మడిచి, నెమ్మదిగా అన్నాడు. "సంతకం ఎలాగూ ఉందిగా."

అప్పటికే సంగతి విన్న మేనేజరు ఆమెను గదిలోకి పిలిచి తలుపు వేశాడు. "గడ్డి బూజు పట్టిందని డాక్టరే అంటోందటగా. మనం ఎందుకు మధ్యలో దూరడం? కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి. తేడా వస్తే ముందు నీ మెడకే చుట్టుకుంటుంది, ఆలోచించుకో." ఆమె అక్కడే కుర్చీలో కూర్చుండిపోయింది. ఎంతసేపు కూర్చుందో తర్వాత ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. లేచి బయటికి వచ్చి డాక్టరమ్మకు ఫోన్ చేసి మందు పేరు చెప్పేసరికి మధ్యాహ్నం దాటింది.

"దానికి విరుగుడు లేదమ్మా" అంది డాక్టరమ్మ. "దాణా ఆపించండి. వెంటనే."

కానీ అప్పటికే మరదలు దాణా పెట్టేసింది. తినడానికి మొరాయిస్తుంటే బెల్లం నీళ్లు చల్లి, నుదురు నిమురుతూ, బతిమాలి తినిపించింది.

తూకాలమ్మ తిరిగి వచ్చి శాల వాకిట్లో నిలబడి అంతా చెప్పింది. తవుడు సంగతి, సోమవారం చీటీల సంగతి, ఏదీ దాచలేదు. తమ్ముడు అడ్డురాకుండా విన్నాడు. చివరికి అడిగాడు.

"గడ్డి ఆపి దాణా పెట్టమన్నప్పుడు నువ్వు ఇక్కడే ఉన్నావు కదక్కా?"

"ఉన్నాను."

"నీకు అప్పుడే అనుమానం వచ్చిందా?"

"వచ్చింది."

అతను వెనక్కి తిరిగి లోపలికి వెళ్లిపోయాడు. మరదలు అక్కడే నేల మీద కూలబడి తన అరచేతులు చూసుకుంటూ ఉండిపోయింది.

ఆదివారానికల్లా ఎనిమిది పోయాయి. ఒక్క ముసలి ఆడగుర్రం మిగిలింది. మొదటినుంచీ తిండి సయించక తొట్టిలో సగం వదిలేసేది, అదే దాన్ని కాపాడింది. కానీ పది అడుగులు వేస్తే రొప్పుతూ నిలబడిపోయేది. దాని గుండె ఇక బాగుపడదని, ఏదో ఒకరోజు నిలబడ్డచోటే పడిపోతుందని డాక్టరమ్మ చెప్పింది. ఆ మాటే నిజమైంది. చలికాలం చివర్లో నీళ్ల తొట్టి దగ్గర పడిపోయింది.

విచారణలో తూకాలమ్మ ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆమెనూ గండుచీమనూ పనిలోంచి తీసేశారు. మేనేజరు మాత్రం అదే కుర్చీలో ఉన్నాడు. గుర్రాల దాణా చేయడం మానేశారు. ఆమె ఒక ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే పనిలో చేరింది. తమ్ముడు శాల ఖాళీ చేసి, వేరేవాళ్ల లారీ నడపడానికి కుదిరాడు.

ఏడాది వరకు అతను ఆమె గడప తొక్కలేదు. తర్వాత ఒకనాటి సాయంత్రం, ఫ్యాక్టరీ మీద వేసిన నష్టపరిహారం కేసు కాగితం మీద ఆమె సంతకం కావాల్సి వచ్చి, తనే వచ్చాడు. చిక్కిపోయాడు. చెప్పులు బయట విడిచి కుర్చీ అంచున కూర్చున్నాడు. ఆమె టీ పెట్టి తెచ్చింది. తాగాడు.

ఆమె కాగితాన్ని మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివింది. రెండుసార్లు చదివింది. అతను గడియారం వంక చూశాడు.

"కింద, కుడివైపు పెట్టండి" అన్నాడు. "తొందరేం లేదు. మీరు చదువుకునే పెట్టండి."

పుట్టి బుద్ధెరిగాక తమ్ముడు ఆమెను మీరు అనడం అదే మొదటిసారి. ఆమె సంతకం పెట్టి ఇచ్చింది. అతను కాగితం మడిచి జేబులో పెట్టుకుని, వస్తానండి అని చెప్పి మెట్లు దిగి వెళ్లిపోయాడు.